కెటిల్‌బెల్ స్వింగ్: వంగడానికి తొందరపడే నడుం, ఒక కర్రీ పాయింట్ అక్క కేసు

కెటిల్‌బెల్ అంటే పైన హ్యాండిల్ ఉన్న ఇనుప ముద్ద, మేం జిమ్ కోచ్‌లం బెల్ అంటాం. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తుదాకా ఊపడమే స్వింగ్. అది నేర్పేటప్పుడు అందరూ పైకి ఎలా ఊపాలో చెప్తారు. తుంటిని ముందుకు కొట్టు, పిరుదులు బిగించు, చేతులతో లేపకు. అన్నీ కరెక్టే, నేనూ చెప్తాను. కానీ స్వింగ్ చేస్తే నడుం పట్టేసిందని వచ్చినవాళ్లను పక్క నుంచి వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూస్తే, ఎక్కువసార్లు తప్పు దొరికేది బెల్ ఛాతీ ఎత్తు నుంచి తిరుగు ముఖం పట్టిన ఆ అర సెకనులో. ఆ అర సెకను గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఫొటోలో బాగా పడేది బెల్ పైన ఉన్నప్పుడే. ఈ కేసు మొత్తం ఆ అర సెకను మీదే నడిచింది కాబట్టి వివరంగా రాస్తున్నా. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేరు మాత్రం వద్దంది.

అక్కకి నలభై ఆరేళ్లు. చైతన్యపురి సందుల్లో కర్రీ పాయింట్ నడుపుతుంది. దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు ఎన్నున్నాయో తెలిసిందేగా, గిరాకీకి లోటు లేదు. పొద్దున వంట మొదలైతే పదకొండింటికల్లా పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక ఫ్రై, చికెన్ రెడీ కావాలి, మళ్లీ సాయంత్రానికి ఇంకో విడత. వంటంతా తనే, కటింగుకి, గిన్నెలకి ఇద్దరు మనుషులు. కింద నేల మీద పెట్టిన పెద్ద స్టవ్, దాని మీద డేక్సా, ఉడికాక దాన్ని దించి గోడ పక్కకి జరపడం, ఇదే రోజుకి ఎన్నోసార్లు. ఇరవై ఏళ్లుగా ఇదే పని, నడుం గురించి ఎప్పుడూ కంప్లయింట్ లేదు. బీపీకి మాత్ర వేసుకుంటుంది, షుగర్ లేదు, బరువు కొంచెం ఎక్కువ. బరువు తగ్గమని డాక్టర్ అంటే ఇంటి దగ్గరి జిమ్‌లో చేరింది, అక్కడ గ్రూప్ క్లాసులో అందరితోపాటు స్వింగులు చేయించారు. కొన్ని వారాలకే నడుం పట్టేసింది.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ మొదటి మాట: "వంగుతే లేవస్తలేదు తమ్మీ, లేస్తే వంగొస్తలేదు." రెండో మాట ఇంకా బాగుంది. నా రాక్‌లో ఉన్న 8 కిలోల బెల్‌ని కాలితో అలా జరిపి, "గింత చిన్నదాన్ని ఊపనీకె నేర్చుకునుడేంది? రోజూ దీనికి మూడింతలు దించుతా" అంది. నిజమే దించుతుంది. తర్వాత ఒకరోజు వాళ్ల కుర్రాడితో సాంబారు నిండిన డేక్సాని తూకం వేయించాం, 22 కిలోలు వచ్చింది. అంత బరువు రోజూ నొప్పి లేకుండా దించే మనిషికి 8 కిలోల ఇనుప ముద్ద నడుం పట్టించిందంటే లోపం బలంలో ఉండే ఛాన్స్ తక్కువ. నాకు మొదట తట్టింది ఇదే.

అసలు బెల్ ముట్టుకునే ముందు అడగాల్సినవి అడిగాను. నొప్పి పిరుదు దాటి మోకాలి కిందికి దిగుతోందా, పాదంలో తిమ్మిరి ఉందా, పాదం ఎత్తితే బలం తగ్గినట్టుందా, మూత్రం, విరేచనం విషయంలో ఏమైనా మార్పు వచ్చిందా, రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వస్తోందా, జ్వరం కానీ కారణం లేకుండా బరువు తగ్గడం కానీ ఉందా. వీటిలో ఒక్కటి అవునన్నా నా పని అక్కడితో ఆగిపోతుంది, డాక్టర్ దగ్గరికే పంపుతాను. వీటిలో ఏదీ లేదు. ఆర్థోపెడిక్ డాక్టర్ అప్పటికే చూసి కండరాల నొప్పి, కొద్దికొద్దిగా ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టొచ్చు అని రాసిచ్చారు. ఇంకోటి, ఇది మగ కోచ్‌లు అడగడానికి మొహమాటపడే ప్రశ్న: కాన్పులైన ఆడవాళ్లలో తుమ్మినా దగ్గినా, ఎగిరినా, స్వింగ్ లాంటివి చేసినా మూత్రం కొంచెం లీకవడం చాలామందికి ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పరు, జిమ్ మానేస్తారు అంతే. మా దగ్గర పనిచేసే లేడీ కోచ్ చేత అడిగించాను. కొద్దిగా ఉందంది. అది ఉంటే స్వింగ్ చేయకూడదని కాదు కానీ ఊపిరి బిగబట్టి కిందికి తోయకూడదు, లీక్ ఎక్కువైతే ఆ రోజుకి ఆపాలి, దానికి విడిగా ఫిజియోథెరపీ ఉందని కూడా చెప్పాం. బీపీ ఉన్న మనిషి ఊపిరి బిగబట్టడం ఎలాగూ మంచిది కాదు.

బట్టల సంగతి. నవ్వుకోవద్దు, స్వింగ్‌లో బెల్ రెండు కాళ్ల మధ్య నుంచి పోవాలి. చీరలో కుదరదు, పొడుగు టాప్ వదులుగా ఉంటే హ్యాండిల్‌కి చుట్టుకుంటుంది. పంజాబీ డ్రెస్ టాప్‌ని పక్కకి ముడేసి, చున్నీ తీసేసి, పుస్తెలతాడు లోపలికి వేసి సేఫ్టీ పిన్ పెట్టుకోమన్నాం, గాజులు తీసి బ్యాగులో వేసుకుంది. చెప్పులు, స్పోర్ట్స్ షూ రెండూ వద్దు, ఒట్టి కాళ్లే. పరుగుకి వేసుకునే మెత్తటి షూ మీద స్వింగ్ చేస్తే మడమ కింద స్పాంజ్ నలుగుతూ ఉంటుంది, మనిషి ముందుకి ఒరుగుతాడు.

ఇక వీడియో. ఫోన్‌ని స్టూల్ మీద తుంటి ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి పెట్టాలి. పై నుంచి, ఏటవాలుగా తీస్తే ఏమీ తెలియదు. స్లో మోషన్‌లో పెట్టి, 8 కిలోల బెల్‌తో పాత జిమ్‌లో చేసినట్టే చేయమన్నాను, ఒక్క సలహా కూడా ఇవ్వకుండా. పైకి వెళ్లడం పర్వాలేదు. కొంచెం చేతులతో లేపుతోంది, తేలిక బెల్ కదా, భుజం బలంతో వెళ్లిపోతుంది. పైన ఒక క్షణం నిలబడింది. తర్వాత ఫ్రేము ఫ్రేముగా జరిపాను. బెల్ ఇంకా ఛాతీ ఎదురుగానే ఉంది, చేతులు నేలకి అడ్డంగా ఉన్నాయి, అప్పుడే నడుం వంగడం మొదలైంది. చేతులు దిగుతుంటే వాటితోపాటే ఒళ్లూ దిగుతోంది. బెల్ మోకాళ్లు దాటి పిక్కల ఎత్తులోకి వచ్చింది, అప్పటికి వీపు పైభాగం గుండ్రంగా వంగిపోయింది, చివర్లో బెల్ వెనక్కి లాగినప్పుడు నడుం దగ్గర చిన్న జర్క్. ఆ జర్క్ మామూలు స్పీడులో కంటికి ఆనదు. ఆవిడకి చూపించి, "నొప్పి ఎప్పుడొస్తది?" అంటే వేలు పెట్టి సరిగ్గా ఆ ఫ్రేమునే చూపించింది.

ఇందులో ఫిజిక్స్ ఏంటంటే, తాడుకి కట్టిన బరువును అడ్డంగా పట్టుకుని ఊరికే వదిలేస్తే, అది కిందికి చేరేసరికి తాడు మీద పడే లాగుడు దాని బరువుకి మూడింతలు. ఇంటర్‌లో అందరం చేసిన లెక్కే. మనిషి తాడు కాదు, చేతులతోపాటు తుంటి కూడా కదులుతుంది కాబట్టి అంకె అచ్చంగా అదే రాదు, కానీ 12 కిలోల బెల్ కింద మలుపు తిరిగేటప్పుడు 12 కిలోల్లా ఉండదన్నది పక్కా. ఆ లాగుడు పడే సమయానికి బెల్ తొడల మొదట్లో, ఒంటికి అతుక్కుని ఉంటే తుంటి దాన్ని కాచుకుంటుంది. అదే బెల్ పిక్కల దగ్గర, ఒంటికి దూరంగా, మనిషి అప్పటికే నేలకి అడ్డంగా వంగి ఉన్నప్పుడు లాగితే మొత్తం నడుం మీదే.

కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీలో వెన్ను మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ 2012లో ఇంకొకరితో కలిసి స్వింగ్‌ని కొలిచారు. 16 కిలోల బెల్‌తో నడుం కండరాలు వాటి గరిష్ఠ శక్తిలో దాదాపు సగం, పిరుదుల కండరాలు 80 శాతం దాకా పనిచేశాయని తేలింది. ఆ పేపర్లో నాకు పనికొచ్చిన ముక్క వేరే ఉంది: కండరాలు గట్టిగా బిగుసుకుని వెంటనే వదులవుతాయి, మళ్లీ బిగుసుకుంటాయి, అదీ వేగంగా. దానికితోడు వెన్నుపూసల మీద పడే అడ్డపు ఒత్తిడి, అంటే ఒక పూసని ఇంకోదాని మీద జరిపేలా తోసేది, మామూలుగా బరువు ఎత్తేటప్పటి దిశకి వ్యతిరేకంగా ఉంటుంది. అందుకే మిగతా బరువులన్నీ హాయిగా ఎత్తేవాళ్లలో కొందరికి స్వింగ్ మాత్రం పడకపోవచ్చని వాళ్లే రాశారు. 22 కిలోల డేక్సా పడి, 8 కిలోల బెల్ పడకపోవడంలో వింతేమీ లేదన్నమాట.

పాత జిమ్‌లో ఈ నొప్పికి ఆవిడకి చెప్పిన మందు: "మోకాళ్లు ఇంకా వంచు, నడుం నిటారుగా పెట్టు." దాంతో స్వింగ్ కాస్తా గుంజీలుగా మారింది, బెల్ ఇంకా కిందికి దిగింది. తర్వాత కోర్, అంటే పొట్ట, నడుం చుట్టూ ఉండే కండరాలు, వీక్‌గా ఉందని ప్లాంకులు చేయించారు, మోచేతుల మీద, కాలివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా ఆపి ఉంచడం. ప్లాంక్ చెడ్డదేమీ కాదు. కానీ టైమింగ్ తప్పిన మనిషికి ప్లాంక్ ఎంతసేపు చేయించినా టైమింగ్ మారదు కదా.

మరి ముందే ఎందుకు వంగుతోంది? ఇది అర్థం కావడానికి నేను ఒకరోజు మధ్యాహ్నం వాళ్ల కర్రీ పాయింట్‌కి వెళ్లాను, గుత్తి వంకాయ పార్సిల్ కూడా తెచ్చుకున్నా, అది వేరే సంగతి. అక్క పప్పు డేక్సా దించుతుంటే చూశాను. రెండు చేతులకీ మసిగుడ్డ, అంచు పట్టుకుంది, లేపింది, పక్కకి తిరిగి నెమ్మదిగా దించుతోంది. డేక్సా దిగడానికి ఒక లిప్త ముందే ఒళ్లు వంగుతోంది, చేతులకంటే ముందు నడుం. అలా వంగకపోతే పప్పు తొణుకుతుంది, తొణికితే కాలి మీద పడుతుంది. ఇరవై ఏళ్లు కాళ్లు కాలకుండా కాపాడిన అలవాటు అది, బరువు కిందికి పోతోందంటే దానికి ఎదురెళ్లి తోడు దిగాలని ఒంట్లో ఇంకిపోయింది. డేక్సా విషయంలో అది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి. స్వింగ్‌లో అదే పద్ధతి నడుం విరుస్తుంది. దీనికితోడు ఇంకో భయం: బెల్ వేగంగా ఒంటి మీదికి వస్తోంది, గజ్జల్లో తగులుతుందేమోనని మనిషి ముందే తప్పుకుంటాడు. ఈ భయం కొత్తవాళ్లందరికీ ఉంటుంది, మగవాళ్లకి మరీ.

కాబట్టి నేర్పాల్సింది ఒకటే: ఆగడం. బెల్ పై నుంచి వస్తుంటే నిటారుగా నిలబడే ఉండాలి, మోచేతుల పైభాగం పక్కటెముకలకి ఆనాలి, ముంజేతులు తొడ మొదలుకి తగలబోతున్నాయి అనగా, అప్పుడు, అంటే దాదాపు ఆలస్యమైపోయింది అనిపించే క్షణంలో, తుంటి వెనక్కి పోవాలి. బెల్ మోకాళ్ల పైనుంచే వెనక్కి వెళ్లాలి. రెండు మోకాళ్లు, గజ్జలు కలిపితే వచ్చే త్రికోణంలోంచి, అంతకంటే కిందికి రాకూడదు.

"ఆగు ఆగు అంటవ్, అది మీదికొస్తుంటే ఎట్ల ఆగాలె?" అని అడిగింది అక్క. న్యాయమైన ప్రశ్నే. నోటితో ఆగమంటే ఎవరూ ఆగలేరు.

మొదట బెల్ పక్కన పెట్టి తుంటి దగ్గర వంగడం సరిచేశాం. గోడకి ఒక అడుగు దూరంలో వీపు పెట్టి నిలబడి, పిరుదులతో గోడని తాకాలి, తాకాక ఇంకో అంగుళం ముందుకి జరిగి మళ్లీ తాకాలి. వీపు వెంట కర్ర పెడితే తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర, మూడు చోట్లా అది ఆని ఉండాలి. ఇది రాక చాలామంది రోజులకి రోజులు తంటాలు పడతారు. అక్కకి ఒక్క మాటతో వచ్చేసింది: రెండు చేతుల్లో డేక్సా ఉన్నప్పుడు వంటింటి తలుపుని వెనకనుంచి ఎలా మూస్తారో అలా. ఆ మాటని మిగతావాళ్లకి కూడా వాడదామని చూశాను, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి ఎక్కలేదు.

తర్వాత డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బరువుని తుంటి దగ్గర వంగి పట్టుకుని లేచి నిలబడటం, బెల్ మడమల మధ్య పెట్టి, 16 కిలోలతో. అక్కడ ఏ సమస్యా లేదు, రెండో రోజుకే 24 లేపింది. ఇక్కడ ఒక మాట. ఈ బరువులు 16, 24, 32 అని వింతగా ఉంటాయేమని అడుగుతుంటారు. రష్యాలో పాత తూకం ఒకటుంది, పూద్ అంటారు, 16.38 కిలోలు. ఒక పూద్, ఒకటిన్నర, రెండు, అలా వచ్చినవే ఇవి. ధాన్యం తూచే రాళ్లతో పందేలు వేసుకున్న జనం అది. మన దగ్గర శ్రీకాకుళం వైపు ఎత్తే రాళ్లు సంగిడీలు, పాతబస్తీ తాలీంఖానాల్లో (వ్యాయామశాలల్లో) తిప్పే కర్ర గదలు ముగ్దర్లు లేవా, అలాంటిదే. 2000ల మొదట్లో పావెల్ త్సత్సూలిన్ అనే ట్రైనర్ అమెరికాలో దీన్ని బాగా పాపులర్ చేశాక ప్రపంచమంతా పాకింది.

ఆగడం నేర్పడానికి చేసినవి. ముందు ఒట్టి చేతులతో: చేతులు ఎదురుగా చాపి నిలబడుతుంది, నేను ఎదురుగా నిలబడి ఆ చేతుల్ని కిందికి కొడతాను, ముంజేతులు తొడకి చప్పుడుతో తగిలేదాకా తుంటి కదలకూడదు. చప్పుడు ముందా, వంగడం ముందా, ఆవిడే చెప్పాలి. నేను "ఇప్పుడు ముందే వంగారు" అంటే ఒప్పుకోదు, కానీ చప్పుడు అబద్ధం చెప్పదు కాబట్టి తనంతట తనే "ఇప్పుడు నేనే ముందు పోయిన" అనేది. అలా తన తప్పు తనకి వినిపించడం మొదలయ్యాకే అసలు మార్పు వచ్చింది.

తర్వాత బాటిల్. రెండు లీటర్ల ఖాళీ నీళ్ల బాటిల్‌ని రెండు కాళ్ల మధ్య, మడమలకి కొంచెం వెనగ్గా నిలబెట్టాం. బెల్ మోకాళ్ల పైనుంచి పోతే బాటిల్‌కి తగలదు, కిందికి దిగిందా, బాటిల్ ఎగిరి అవతల పడుతుంది. మొదటి రోజు బాటిల్ మా ట్రెడ్‌మిల్ దాకా వెళ్లింది. కోచ్ నోరు మూసుకుని కూర్చోవచ్చు, అది ఈ పద్ధతిలో ఉన్న సుఖం.

ఇక ఒక్కొక్క స్వింగ్ చేసి దించేయడం. బెల్ కాలివేళ్ల ముందు ఒక అడుగు దూరంలో ఉంటుంది, తుంటి వెనక్కి నెట్టి రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని తనవైపు వంచాలి, అక్కడి నుంచి కాళ్ల మధ్యకి గట్టిగా వెనక్కి విసరాలి, తుంటితో కొట్టాలి, బెల్ తేలుతుంది, ఆగాలి, మళ్లీ వెనక్కి, మళ్లీ మొదటి చోటికే తెచ్చి పెట్టాలి. ఒక స్వింగ్ అయిపోయింది. ఊపిరి తీసుకుని ఇంకోటి. వరుసగా ఇరవై చేస్తే అందులో పాత అలవాటు పంతొమ్మిదిసార్లు బలపడుతుంది, ఒక్కొక్కటిగా చేస్తే ప్రతిదానికీ తేడా గమనించే తీరిక ఉంటుంది. పైగా దించడం నేర్చుకోకపోవడం పెద్ద ప్రమాదం. సెట్ అయిపోయింది కదా అని పైనుంచి వస్తున్న బెల్‌ని అలాగే ముందు నేల మీదికి వంగి వదిలేస్తారు చూడండి, అక్కడ కూడా నడుం పట్టేస్తుంది. సెట్ అయిపోయేది బెల్ నేల మీద కూర్చున్నాక.

టవల్ కూడా వాడాం, హ్యాండిల్‌లోంచి టవల్ దూర్చి రెండు కొసలు పట్టుకుని ఊపడం. చేతులతో లేపుతుంటే బెల్ టవల్ కింద వేలాడిపోతుంది, తుంటితో కొడితే చేయి, టవల్, బెల్ ఒకే గీతలో వస్తాయి. కొద్ది రోజులే, అర్థమైపోయింది, తీసేశాం.

బరువు గురించి చాలామంది నమ్మని విషయం: 8 కిలోల నుంచి 12కి మార్చగానే స్వింగ్ బాగుపడింది. 8 అయితే భుజాలు మోసేస్తాయి, తుంటికి పని తగలదు. బెల్ కొంచెం బరువుంటేనే చేతులు లొంగుతాయి. కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లకి 8 నుంచి 12, మగవాళ్లకి 16 అని మామూలుగా చెప్తారు, కానీ డెడ్‌లిఫ్ట్‌లో 24 లేపే అక్కకి 8 ఇవ్వడం అర్థం లేని జాగ్రత్త. అలాగని మెలకువ రాకముందే 16 ఇమ్మని గొడవ చేసింది, అప్పుడు ఇవ్వలేదు. సిమెంటు నింపి పైన ప్లాస్టిక్ తొడిగిన బెల్స్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి, ఇంటికి ఒకటి కొంటానంటే వద్దన్నాను, అవి లావుగా ఉంటాయి, ముంజేతికి, తొడకి అడ్డం పడతాయి, హ్యాండిల్ దగ్గర ప్లాస్టిక్ అతుకు చర్మాన్ని కోస్తుంది. కొంటే ఒకే ముద్దగా పోత పోసిన ఇనుముది కొనాలి.

టైమింగ్ దొరికాక కొత్త తలనొప్పి. ఆగమన్నాం కదా అని మరీ ఎక్కువ ఆగడం మొదలుపెట్టింది, బెల్ లాక్కెళ్లి మడమలు లేచిపోయేవి, మనిషి వేళ్ల మీదికి వచ్చేది. ఇది దాదాపు ప్రతి ఒక్కరికీ వచ్చే దశ, టెన్షన్ పడక్కర్లేదు. ముందే వంగడం కంటే ఇది నయం, ఎందుకంటే దీన్ని సరిచేయడం తేలిక: కాలి బొటనవేలు, చిటికెనవేలు, మడమ, మూడూ నేలకి అదిమి పెట్టమన్నాం, మడమ కింద పాత రేషన్ కార్డు జిరాక్సు మడిచి పెట్టాను, అది జారిపోతే మడమ లేచినట్టు. కొన్ని క్లాసుల్లో సర్దుకుంది.

పైన నిలబడినప్పుడు వెనక్కి వాలడం ఇంకోటి. తుంటిని గట్టిగా కొట్టమంటే కొందరు నడుం విరిచి పొట్ట ముందుకి తోస్తారు, చూసేవాళ్లకి ఊపుగా కనిపిస్తుంది. పైన మనిషి గుంజలా నిలబడాలి, పొట్ట బిగించి, పక్కటెముకలు కిందికి, మోకాలిచిప్పలు పైకి లాగి. నేను పొట్ట మీద, పిరుదు మీద కర్రతో చిన్నగా తట్టి చూస్తాను, మెత్తగా తగిలితే ఆ స్వింగ్ లెక్కలోకి రాదు. ఊపిరి కూడా అక్కడే: కిందికి వెళ్తూ ముక్కుతో లోపలికి, పైన పళ్ల మధ్యనుంచి "త్స్" అని కొంచెం బయటికి. ఊపిరంతా ఊదేస్తే నడుం వదులైపోతుంది, బిగబట్టేస్తే బీపీ. ఆ "త్స్" చప్పుడు చేయడానికి అక్క మొదట సిగ్గుపడింది, పక్కన కుర్రాళ్లున్నారని. అందుకే మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నాను, ఆ టైముకి జిమ్ ఖాళీ, ఆవిడకీ రెండు వంటల మధ్య గ్యాప్. మే నెలలో ఆ టైముకి మా రేకుల షెడ్డులో ఉడికిపోయేవాళ్లం, సెట్లు తగ్గించి నీళ్లు, మజ్జిగ పెంచాం.

అద్దం. జిమ్ అంతా అద్దాలే కదా, మనుషులు కింద వంగినప్పుడు కూడా అద్దంలో తమ ముఖం చూసుకోవాలని మెడ పైకి లేపుతారు. అక్కని అద్దానికి వీపు పెట్టి నిలబెట్టాం. వంగినప్పుడు చూపు రెండు మీటర్ల దూరంలో నేల మీద. మెడ నొప్పి అని అప్పుడప్పుడు అనేది, తర్వాత అనలేదు.

నొప్పి ఏమైంది? రెండో నెలకల్లా పొద్దున లేవగానే ఉండే బిగుతు పోయింది, స్వింగ్ చేస్తుంటే నొప్పి అంతకంటే ముందే పోయింది. కానీ ఇదంతా స్వింగ్ సరిచేసినందుకేనని నేను చెప్పను. అదే సమయంలో ఇంకో మార్పు జరిగింది: కర్రీ పాయింట్‌లో పెద్ద స్టవ్ కింద సిమెంటు ఇటుకలతో మోకాలి ఎత్తు దిమ్మ కట్టించాం, పెద్ద డేక్సా ఇద్దరు పట్టుకుని దించాలని రూలు పెట్టుకున్నారు. ఏది ఎంత పని చేసిందో విడదీసి చూడటం కుదరదు, ఒక్క మనిషి కేసులో అసలే కుదరదు. టెక్నిక్ మారిందన్నది మాత్రం వీడియోలో ఉంది: ఇప్పుడు చేతులు తొడకి తగిలాకే తుంటి కదులుతోంది, బాటిల్ కదలట్లేదు. పెళ్లి ఆర్డర్లు రెండు వరుసగా పడ్డ వారం నడుం మళ్లీ కొంచెం బిగిసింది, ఆ వారం స్వింగులు మానేసి నడక, గోడ దగ్గర తుంటి వంచడం వరకే చేశాం.

డేక్సా దించడంలో పాత పద్ధతి అలాగే ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు. వేడి పప్పు ఉన్న డేక్సాకి తుంటితో దెబ్బలు కొట్టమని ఎవరు చెప్తారు. ఆవిడ ఒంటికి రెండు పద్ధతులూ విడివిడిగా తెలిస్తే చాలు, బెల్ చేతిలో ఉంటే ఒకటి, మసిగుడ్డ చేతిలో ఉంటే ఇంకోటి. మొదట్లో రెండూ కలిసిపోతాయేమోనని కొంచెం భయపడ్డా, కలవలేదు. వాళ్ల దగ్గర కటింగు చేసే కుర్రాడు కూడా ఇప్పుడు వస్తున్నాడు, వాడిది పూర్తిగా వేరే కథ, మోకాళ్లు తప్ప తుంటి వంగదు.

ఇప్పుడు అక్క వారానికి రెండు రోజులు 16 కిలోలతో నిమిషానికి పది స్వింగుల చొప్పున పది నిమిషాలు చేస్తోంది, ఆ నిమిషంలో మిగిలిన టైమంతా రెస్టే. పదిలో ఎనిమిదోది, తొమ్మిదోది చూస్తాను నేను, అలసట వచ్చాక పాత తొందర మళ్లీ తొంగి చూసేది అక్కడే. ఒక్కటి ముందే వంగినా ఆ సెట్ అక్కడితో ఆపేసి బెల్ దించేయాలని ఒప్పందం, ఇప్పుడు నేను చెప్పకముందే తనే దించేస్తుంది, "పోయింది తమ్మీ" అని. ఒంటిచేతి స్వింగ్ ఇంకా మొదలుపెట్టలేదు. ఎడమ మణికట్టు మీద ఎప్పుడో నూనె పడి కాలిన మచ్చ ఉంది, ఒంటిచేత్తో పట్టుకుంటే బెల్ ఊగినప్పుడల్లా హ్యాండిల్ మూల సరిగ్గా అక్కడే రాసుకుంటోంది. హ్యాండిల్ కొంచెం సన్నగా, నున్నగా ఉన్న బెల్ ఒకటి తెప్పిస్తున్నాను, అది వచ్చాక చూడాలి.